కార్యదర్శి కుండ

మొగిలిపాళెం,
వాకాడు పోస్టు,
12 జూలై 1961

చిరంజీవి యెహోషువకు,

నువ్వెంత పెద్ద కుర్చీలో కూర్చున్నా నాకు తమ్ముడివే కాబట్టి పేరు చివర గారు పెట్టలేదు. అక్క ఎలిశబెతు దీవెనలు అందుకో.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక జకరయ్య అయ్యగారు అందరినీ కూర్చోమని, క్షేమదీప సేవాసమాజానికి కొత్త ప్రధాన కార్యదర్శి మన మొగిలిపాళెం బిడ్డ అని చదివారు. ఇన్నాళ్లూ దొరలు తప్ప ఎవరూ కూర్చోని కుర్చీ అది. పదకొండు బోర్డింగులు, రెండు ఆసుపత్రులు, కుష్టురోగుల ఆశ్రమం, అన్నీ నీ చేతి కిందికి వచ్చాయట. ఆడవాళ్లంతా నా వైపు తిరిగి చూశారు. నేను పైకి గంభీరంగానే ఉన్నాను గానీ కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నాను. అమ్మ ఉండి ఉంటే సంతోషంతో ఆ పూట అన్నం ముట్టేది కాదు.

నువ్వు ఆఫీసు మనిషివైపోయావు కాబట్టి నీ సమాజానికి సరుకు ఎట్లా వస్తుందో గుర్తుచేస్తాను. ఇక్కడ ఏ ఇంట్లో పొయ్యి వెలిగినా, ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. శనివారం నేను సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ పోయి, ఒక కీర్తన చదివి, బోర్డింగు పిల్లల అన్నానికని ఆ కుండ వంచుకుంటాను. ఒక పక్క సరుగుడు తోటల హోరు, ఇంకో పక్క సముద్రపు హోరు, మధ్యలో ఇసక దారి. నడుస్తూ నడుస్తూ ఒక్కోసారి ఏ ఇంటి నుంచి వస్తున్నానో, ఏ ఇంటికి పోతున్నానో కూడా మరిచిపోతాను. అప్పుడు కాసేపు నిలబడితే మళ్లీ గుర్తొస్తుంది.

పేరమ్మ నీకు తెలుసు కదా, ఎండుచేపల గంప పేరమ్మ. ఆమె మనవరాలు మగ్దలీన మొన్న జూన్‌లో కొడవలూరు బోర్డింగులో చేరింది. అప్పటి నుంచి పేరమ్మ కుండలో ఎర్ర బియ్యమే. అందరి బియ్యం ఒకే సంచిలో కలిసిపోతాయి కదా, పళ్లెంలో ఎర్ర గింజ కనిపిస్తే అవ్వ పంపిందని పిల్లకు తెలుస్తుందట. ఆ బియ్యం కొనడానికి తాను నూకల గంజితో సరిపెట్టుకుంటోంది. "ఎన్నూళ్ల బియ్యమో కలిసేదాంట్లో అదెట్టా కనబడుద్దవ్వా" అంటే, "ఒక్క గింజన్నా చేరదా" అంటుంది. చేరుతుందని నేనే మాటిచ్చాను.

ఇంకో చిన్న సంగతి. చెంచమ్మ అందరి ముందూ "మీ తమ్ముడికి జీతమెంతక్కా" అని అడిగింది. "బోర్డింగు కూడు తిని పెరిగినోడు, వాడికి జీతమెందుకు, కూడుంటే చాల్లే" అని నవ్వేశాను. అయినా ఎంతిస్తారో రాయి, నేను తెలుసుకుంటాను.

నీ అక్క,
ఎలిశబెతు


మద్రాసు,
30 జూలై 1961

అక్కకు,

నీ ఉత్తరాన్ని బల్ల మీది కాగితాలన్నిటికీ పైన పెట్టుకుని కూర్చున్నాను. ఉప్పు వాసన వస్తోందని ఆనందకుమారి అంటే నవ్వాను గానీ నాకూ వచ్చింది. మీ మరదలు నీకు వందనాలు చెప్పమంది.

దొరగారు ఖాళీ చేసిన మేడలోనే మమ్మల్ని ఉండమన్నారు. గదులు మరీ పెద్దవి. ఏదైనా మాట్లాడితే మాట గోడ దాకా పోయి ఆలస్యంగా తిరిగొస్తుంది. పైనుంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది, కానీ అది మన సముద్రం కాదు, ఎవరో ఉతికి ఆరేసినట్టుంది. మధ్యాహ్నం కుర్చీలో కునుకు పడితే మాత్రం నేను మన కాలవ గట్టు మీద ఉంటాను. నిండా బియ్యంతో ఒక పడవ పోతూ ఉంటుంది. తెడ్డు వేసేవాడు ఎవరూ ఉండరు. నేను గట్టున నడుస్తూ దాని వెంట పోతూ ఉంటాను. పడవ ఆగదు, నాకు దూరం కూడా కాదు. అంతలో గుమాస్తా వచ్చి దగ్గుతాడు.

బోర్డింగు అన్నం గుర్తుందా అక్కా. ఎన్నో ఊళ్ల బియ్యం ఒకే గుండిగలో ఉడికేవి. సన్నవి చిమిడిపోయేవి, దొడ్డువి పలుకుగా ఉండేవి. ఒక్క ముద్దలోనే మూడు ఊళ్లు పళ్లకు తగిలేవి. నేను కళ్లు మూసుకుని ఇవి పాతవి, ఇవి కొత్తవి, ఇవి మన మొగిలిపాళెంవి అని చెప్పేవాణ్ణి. పిల్లలు నమ్మేవాళ్లు. ఇక్కడ మాకు వండే సన్నబియ్యం మల్లెపూల మాదిరి ఉంటుంది, తింటుంటే ఎవరూ తగలరు.

పేరమ్మవ్వను అడిగానని చెప్పు. జీతం సంగతి అడిగావు. మాకు సరిపోయేంత ఇస్తున్నారు, ఏ లోటూ లేదు. చలికాలానికి నీకొక శాలువా పంపుతున్నాను.

నీ తమ్ముడు,
యెహోషువ


మొగిలిపాళెం,
8 అక్టోబరు 1961

చిరంజీవి తమ్ముడికి,

శాలువా అందింది. ఎంత మెత్తగా ఉందంటే కప్పుకుంటే నన్ను నేనే గారు అని పిలవాలేమోనని భయమేసింది. దాని అంచున ధర చీటీ తీయడం మరిచారు. నలభై రెండు రూపాయలు. బైబిలు స్త్రీగా ఇంటింటికీ తిరిగినందుకు నాకు మీ సమాజం ఇచ్చేది నెలకు ఇరవై ఐదు. పెట్టెలో పెట్టి తాళం వేశాను, ఎలకలకు తెలియకుండా.

"సరిపోయేంత" అని రాశావు. తమ్ముడా, పేరమ్మకు సరిపోయేంత వేరు, జమీందారుకు సరిపోయేంత వేరు. నువ్వు చిన్నప్పుడు కూడా అంతే. ఎన్ని మామిడికాయలు తిన్నావంటే "చాలినన్ని" అనేవాడివి.

ఇదంతా నవ్వులాటకే గానీ, ఒక పని చేశాను, విను. పోయిన వారం చుట్టుపక్కల ఊళ్ల స్త్రీల కూడిక ఇక్కడే జరిగింది. తడ వైపు నుంచి వచ్చిన ఒకామె లేచి, "పెద్ద సమాజాల్లో పెద్దోళ్లు మన బియ్యంతోనే బలిసిపోతన్నారంట" అంది. నాకు ఒళ్లు మండింది. బైబిలు మీద చెయ్యి పెట్టి, "మా తమ్ముడు తీసుకునేది ఒక బడిపంతులు జీతమే, మన పిడికెడు బియ్యం పిల్లల పళ్లెంలోకే పోతాయి" అని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ఇంటికొచ్చాక పెట్టె తెరిచి శాలువా చీటీ మళ్లీ ఒకసారి చూశాను.

వానలు మొదలైనాయి. పులికాటు వైపు గులాబి రంగు పెద్ద కొంగలు వచ్చి దిగాయట. పేరమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైనాయి, అయినా ఎర్ర బియ్యం మానలేదు. నువ్వు కొడవలూరు పోయినప్పుడు మగ్దలీనను పిలిచి, ఎర్ర గింజలు కనిపిస్తున్నాయా లేదా అని అడిగి రాయి. ఆమె రోజూ నన్ను అడుగుతోంది.

నీ అక్క,
ఎలిశబెతు


మద్రాసు,
26 నవంబరు 1961

అక్కకు,

కొడవలూరు పోయి వచ్చాను. పొలాలన్నీ పచ్చగా నీళ్లలో నిలబడి ఉన్నాయి. కారు దిగి గట్టు మీద కొంచెం దూరం నడిచాను. దూరంగా బోర్డింగు పిల్లలు భోజనానికి ముందు పాడే పాట వినిపించింది. అదే రాగం. ఎక్కడో నేనూ వాళ్లతోపాటు పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నట్టు అనిపించి, గట్టు మీదే ఆగిపోయాను. మేనేజరు వచ్చి పిలిచాక పోయాను.

మగ్దలీన బాగుంది. ఒళ్లు చేసింది. జుట్టుకు నూనె పెట్టుకుని రెండు జడలు వేసుకుంది. రోజూ పాలు తాగుతోంది. ఎర్ర గింజల సంగతి అడిగాను. నా మొహంలోకి చూసి తల దించుకుంది. సిగ్గనుకుంటాను.

అక్కా, నా గురించి ఇంకెప్పుడూ బైబిలు మీద చెయ్యి పెట్టకు. నాకు పని ఎక్కువగా ఉంది. రోజుకు రెండు వేలమంది పిల్లలకు మూడు పూటలా పెట్టాలి. ఒక ఓడ రెండు రోజులు ఆలస్యమైతే నాకు అన్నం సహించదు. ఇంత బరువు ఒక మనిషి మీద పెట్టి, వాడు గాలి పీల్చి బతకాలని అందరూ కోరుకుంటారెందుకో తెలియదు. ఇది నిన్ను ఉద్దేశించి రాయలేదు.

యెహోషువ


మొగిలిపాళెం,
21 జనవరి 1962

శ్రీయుత ప్రధాన కార్యదర్శి గారికి,

నిన్న కిరసనాయిలు కోసం వాకాడు పోయి పద్మనాభయ్య గారి అంగట్లో నిలబడ్డాను. మూలన నేల మీద బియ్యం కుప్ప పోసి ఉంది. సన్నవి, దొడ్డువి, పాతవి, కొత్తవి, అన్నీ కలిసిన కుప్ప. మధ్యలో అక్కడక్కడా ఎర్ర గింజలు. ఈ తీరంలో అట్లాంటి కుప్ప ఒక్కచోట నుంచే వస్తుంది.

అడిగాను. ఆయన దాచే మనిషి కాదు. "మీ సమాజం గోడౌనులోవేనమ్మా. మూడేండ్లుగా వేలంపాట పాడి నేనే కొంటున్నా. కలగలుపు బియ్యం గదా, అన్నానికి ఎవురూ కొనరు. హోటలోళ్లకి దోసెపిండికి ఇస్తా" అన్నారు. "మీకు తెలవదా" అని కూడా అడిగారు. తెలియదని చెప్పకుండానే కిరసనాయిలు తీసుకుని వచ్చేశాను.

పేరమ్మ ఎర్ర బియ్యం కొనేది కూడా ఆ అంగట్లోనే.

మీరు ప్రధాన కార్యదర్శి కాకముందు ఆ ఆఫీసులోనే ఆరేళ్లు సహాయ కార్యదర్శిగా ఉన్నారు కాబట్టి మీకు తెలియకపోవడం ఉండదు. రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. ఆ బియ్యం అమ్మిన సొమ్ము ఎవరికి పోతోంది? మీ జీతం ఎంత?

మొగిలిపాళెం బైబిలు స్త్రీ,
ఎలిశబెతు


మద్రాసు,
11 ఫిబ్రవరి 1962

అక్కా,

నన్ను గారు అన్నావు. ఉత్తరంలో ఆ మాట దాటి కిందికి రావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నా జీతం నెలకు ఎనిమిది వందల యాభై రూపాయలు. మేడకు అద్దె లేదు. కారు, డ్రైవరు సమాజానివి. ఇది రాయడం ఇంత తేలికని తెలిస్తే జూలైలోనే రాసేవాణ్ణి.

ఇంక బియ్యం సంగతి. మూడేళ్లుగా బోర్డింగులకు గోధుమ నూక, పాలపొడి పరదేశం నుంచి ఓడల మీద వస్తున్నాయి. ఇచ్చేవాళ్లది ఒకటే షరతు. తిండికి మేమిస్తాం, ఆఫీసు ఖర్చు, జీతాలు మీ జనం దగ్గర మీరే చూసుకోండి అన్నారు. మన జనం దగ్గర నుంచి వచ్చేది పిడికెడు బియ్యమే. అది అమ్మిన సొమ్ములో గుమాస్తాలకూ నాకూ జీతాలు ఇస్తున్నారు. నాది అందులో అన్నిటికంటే పెద్దది. మగ్దలీన సిగ్గుపడలేదక్కా. "అన్నం ఆదివారం ఒక్కపూటేనండీ, అదీ తెల్లగా ఉంటది" అని చెప్పింది. చెప్పాక నేనేమంటానోనని తల దించుకుంది.

నన్ను కూడా కొంచెం విను. దొరగారికి నెలకు రెండు వేలు వాళ్ల దేశం నుంచి వచ్చేవి. ఎవరూ ఎంతని అడగలేదు. ఆయన కుర్చీలో కూర్చుని అందులో సగం కూడా తీసుకోని నన్ను అడుగుతున్నారు, నేను మీవాణ్ణి కాబట్టి. కమిటీ వాళ్లు ఇంకో మాట అన్నారు. పెద్ద పనికి చిన్న జీతమిస్తే జీతం అక్కర్లేని ధనవంతుడైనా వస్తాడు, బల్ల కింద చెయ్యి చాపేవాడైనా వస్తాడు, నీలాంటి బోర్డింగు పిల్లవాడు ఎప్పటికీ రాడు అన్నారు. నేనది నమ్మాను. ఇప్పటికీ సగం నమ్ముతున్నాను.

మిగతా సగం ఇది. మొదటి నెల జీతం చేతికి వచ్చినప్పుడు నాకు సంతోషమేసింది. చాలా సంతోషం. ఎండలో చేపలు ఆరేసే అమ్మ చేతులు గుర్తొచ్చి ఇంకా సంతోషమేసింది. నీకు దాచింది అంకెను కాదు, ఆ సంతోషాన్ని. అది దాచాలంటే అంకెను కూడా దాచాల్సి వచ్చింది.

కాలవ కల ఇంకా వస్తోంది. ఇప్పుడు పడవలో బియ్యం లేవు. నేనే కూర్చుని ఉన్నాను. గట్టు మీద ఎవరో నడుస్తున్నారు, మొహం కనిపించదు.

యెహోషువ


మొగిలిపాళెం,
4 మార్చి 1962

యెహోషువా,

గారు తీసేశాను. కోపం తీయలేదు.

ఎనిమిది వందల యాభై ఎంతన్నది నా ఊహకు అందడం లేదు. సముద్రం ఎంత లోతని అడిగినట్టే. నువ్వు చేసే పనికి అది ఎక్కువా తక్కువా అని తేల్చడానికి నేనెవరిని? డాక్టరుకు ఇవ్వాలి, పంతులుకు ఇవ్వాలి, నీకూ ఇవ్వాలి. దొరను అడగనిది నిన్ను అడుగుతున్నామన్నావు, అదీ నిజమే. అది చదివి నీ మీద జాలేసింది. చిన్నప్పుడు జ్వరంతో మంచం మీద ముడుచుకుని పడుకునేవాడివి, అట్లా కనిపించావు.

నా బాధ వేరు. పిడికిలి తెరిచినవాళ్లకు అది ఎక్కడ పడుతోందో తెలియాలి. నువ్వు చెప్పలేదు. నేను తెలియకుండా చెప్పాను, అబద్ధం చెప్పాను. బైబిలు మీది చెయ్యి నాది. సిగ్గని రాశావు కదా, ఆ మాట పట్టుకుని, మనవరాలు ఎర్ర గింజలు చూసిందని పేరమ్మకు కూడా చెప్పేశాను. ఆ రోజు ఆమె నాకు రెండు ఎండుచేపలు ఊరికే ఇచ్చింది. తిన్నాను కూడా.

ఈస్టరు దాటిన ఆదివారం స్త్రీలందరినీ గుడిలో కూర్చోబెట్టి నీ ఉత్తరం చదవాలనుకుంటున్నాను. చదివాక వాళ్లు కుండలు మూసేస్తే మూసేస్తారు. ఈ ఊరు మూస్తే పక్క ఊరు మూస్తుంది. నీ కుర్చీ ఉంటుందో పోతుందో నేను చెప్పలేను. నువ్వొచ్చి నీ నోటితో చెబితే అన్నిటికంటే మేలు. రాలేకపోతే, చదవమంటావా వద్దంటావా రాయి. వద్దంటే చదవను, గానీ సంచీ కూడా ఇంక మొయ్యను.

ఎలిశబెతు


మద్రాసు,
18 మార్చి 1962

అక్కా,

చదువు. అంకె కూడా చదువు. నాకు సంతోషమేసిందన్న చోటు వదిలేయాలనిపిస్తుందేమో, వదలవద్దని ఆనందకుమారి చెప్పమంది.

రావాలని ఉంది. టిక్కెట్టు కొన్నాను కూడా. వాళ్ల మొహాలు చూసే ధైర్యం లేక తిరిగి ఇచ్చేశాను.

యెహోషువ


మొగిలిపాళెం,
6 మే 1962

తమ్ముడా,

పోయిన ఆదివారం చదివాను. అంకె దాకా వచ్చి, మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. చెంచమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేసింది. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది, పసిపిల్ల ఒకటి నిద్రలో నవ్వుతోంది.

పేరమ్మ లేచింది. జీతం మాటే ఎత్తలేదు. "అయితే నా మనవరాలు ఒక్క గింజ కూడా చూళ్లేదా" అంది. లేదన్నాను. "చూసిందని చెప్పినావే" అంది. అవునన్నాను. కర్ర పట్టుకుని మెల్లగా బయటికి పోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ పోయారు.

నిన్న శనివారం మామూలుగానే సంచీ తీసుకుని పోయాను. ఏ ఇంట్లో చూసినా దేవుని కుండ బోర్లించి ఉంది. కూర్చోమన్నారు, కీర్తన చదివించుకున్నారు, మంచినీళ్లిచ్చారు. కుండ మాత్రం ఎవరూ తిప్పి పెట్టలేదు. తిరిగి వస్తుంటే ఇసక దారి చాలా పొడుగైపోయింది. ఖాళీ సంచీ ఇంత బరువుంటుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

ఎలిశబెతు


మద్రాసు,
27 మే 1962

అక్కా,

నువ్వు రాసిన కుండలు నాకు కళ్ల ముందు కనిపిస్తూనే ఉన్నాయి. ఏ ఫైలు తెరిచినా బోర్లించిన కుండే.

మొన్న కమిటీలో రెండు అడిగాను. ఏ ఊరివాళ్లైనా మా బియ్యం బియ్యంగానే బోర్డింగుకు పోవాలంటే అట్లాగే పోవాలి. పిడికెడు బియ్యం పోసే ప్రతి గుడిలో ఏడాదికొకసారి కార్యదర్శి జీతం పైకి చదవాలి. "జీతం గుట్టు వీధిలో పెడితే ఈ కుర్చీకి గౌరవం ఏముంటుంది" అని ఒక పెద్దమనిషి అడిగాడు. గౌరవం సంగతి మా అక్కకు రాస్తే చెబుతుందన్నాను. కొందరు నవ్వారు, కొందరు లేచిపోయారు. చివరికి ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. ఇక మీదట కార్యదర్శికని తెలిసి ఇచ్చినదానిలో నుంచే నా జీతం రావాలి, అది కూడా నాలుగు వందలకు మించకూడదు. తెలిసి ఎవరూ ఇవ్వరని వాళ్ల నమ్మకం. నేను సంతకం పెట్టాను.

మేడ, కారు ఇచ్చేశాం. రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం, ఆనందకుమారి బడిలో పాఠాలు చెబుతోంది. ఈ ఇంట్లో మాట అన్న వెంటనే తిరిగొస్తోందని ఆమె నవ్వింది. నాకు కొంచెం భయంగానే ఉంది. ఎనిమిది వందల యాభైకి మనిషి తొందరగా అలవాటు పడతాడు, అది కూడా నీకు చెప్పాలి.

యెహోషువ


మొగిలిపాళెం,
8 జూలై 1962

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం కూడా గుడిలోనే చదివాను. చదివిన మరుసటి శనివారం పేరమ్మ ఇంటికి పోతే గడప దగ్గర రెండు కుండలున్నాయి. "ఇది పిల్లలది, ఇది మీ తమ్ముడిది. దేంట్లో ఎంతేస్తానో నా ఇష్టం" అంది. నెలలోపల ప్రతి ఇంట్లో అదే పద్ధతి వచ్చేసింది. ఎవరు చెప్పారో, ఎట్లా పాకిందో నాకు తెలియదు.

పిల్లల కుండల బియ్యం మేమే మోసుకుపోయాం. నేను, చెంచమ్మ, పేరమ్మ తెల్లవారుజామున పడవెక్కి కాలవ మీద కృష్ణపట్నం దాకా పోయాం, అక్కడి నుంచి బస్సు. మసక చీకట్లో పడవ పోతుంటే గట్టు కదులుతోందో మేం కదులుతున్నామో తెలియలేదు. నీ కల గుర్తొచ్చింది. పడవ నడిపే చిన్నపోలయ్య మాత్రం గట్టిగానే ఉన్నాడు, దారి పొడుగునా బీడీ కాలుస్తూ.

బోర్డింగులో మా బియ్యమే వండించాం. మగ్దలీన ముద్ద కలపబోయి ఆగింది. ఒక్కొక్క ఎర్ర గింజా ఏరి పళ్లెం అంచున వరసగా పెట్టుకుంది. "తినవే, చల్లారిపోతది" అంది పేరమ్మ. పిల్ల తల ఊపింది గానీ వాటిని చివరిదాకా ముట్టలేదు. ఆ తరవాత ఒకేసారి నోట్లో వేసుకుంది. పేరమ్మ కొంగుతో మొహం కప్పుకుని గోడ వైపు తిరిగింది.

ఇంక నీ కుండ సంగతి. ఊరంతటికీ కలిపి నెలకు మూడు మానికలు. చెంచమ్మ ఒక్క గింజ వేయలేదు. "నీ మొహం చూసి ఎయ్యమంటావా అక్కా" అంది. వద్దన్నాను. చాలామంది వేయలేదు. నీ నాలుగు వందలకు ఇట్లాంటి ఊళ్లు ఎన్ని కావాలో నువ్వే చూసుకో, నేను చెప్పి చేయించను. ఈ మూడు మానికలూ అమ్మలేదు. గుడ్డలో మూట కట్టి మద్రాసు పోయే పడవవాడికి ఇస్తున్నాను.

మూటలో ఎర్ర గింజలు కనిపిస్తాయి. పేరమ్మ వేసింది. ఎందుకేశావవ్వా అంటే, "వాడూ బోర్డింగు బిడ్డే గదా, ఆకలైతే ఎట్టా. ఇకమీదట నాకు చెప్పి తినమను" అంది.

నీ శాలువా పేరమ్మ మోకాళ్లకు కప్పాను, ధర కూడా చెప్పాను.

నీ అక్క,
ఎలిశబెతు


మద్రాసు,
22 జూలై 1962

అక్కకు,

మూట శుక్రవారం అందింది. శనివారం మధ్యాహ్నం ఆనందకుమారి బడి నుంచి వచ్చాక వండింది. సన్నవి చిమిడిపోయాయి, దొడ్డువి పలుకుగా ఉన్నాయి. బియ్యం కడగడం రాదని తనను తాను తిట్టుకుంటుంటే, కాదు, ఇది ఇట్లాగే ఉండాలని చెప్పాను. చిన్నప్పటిలాగా కళ్లు మూసుకుని తిన్నాను. ఎవరి ఇల్లు ఏదో చెప్పలేకపోయాను. చిన్నప్పుడు కూడా ఊరికే చెప్పేవాణ్ణి అక్కా.

ఎర్ర గింజలు ఏరి పళ్లెం అంచున పెట్టుకున్నాను. తినడానికి చాలాసేపు పట్టింది.

ఆ తరవాత కుర్చీలో కునుకు పడితే కాలవ కనిపించింది. పడవ ఆగి ఉంది. గట్టు మీద ఉన్నది నువ్వే, సంచీ భుజాన ఉంది. ఏదో అడిగావు, జవాబు చెప్పాను. ఏమని చెప్పానో లేచాక గుర్తులేదు.

ఆగస్టు మొదటి ఆదివారం వస్తున్నాను. టిక్కెట్టు కొన్నాను. ఈసారి తిరిగి ఇవ్వను. ఈ కింది రెండు ముక్కలూ పేరమ్మవ్వకు చదివి వినిపించు, కాగితం ఆమె దగ్గరే ఉంచు.

మొగిలిపాళెం నుంచి జూన్ నెల జీతం ముట్టింది. పేరమ్మవ్వకు చెప్పి తిన్నాను.

యెహోషువ